మూడో మనిషికి తెలియరాదు

శుక్రవారం ఉదయం ఎనిమిదీ పదికి కుముదిని ఫోన్ మోగింది. నంబరు ప్లస్ ఎనభై రెండుతో మొదలైంది.

ఆవిడ ఎత్తలేదు. ట్రామ్‌లో నిలబడి ఉంది. ఒక చేతిలో కాఫీ, ఇంకో చేత్తో పైన కడ్డీ. ఫోన్ మళ్ళీ మోగింది. మూడోసారి మోగేసరికి పక్కనున్న ముసలాయన విసుగ్గా చూశాడు. కుముదిని కాఫీ కప్పు అంచు పళ్ళతో పట్టుకుని, కష్టపడి ఫోన్ తీసి, కప్పు మళ్ళీ చేతిలోకి మార్చుకుంది.

"డాక్టర్ కుముదిని గారేనా? సియోల్ నుంచి, హేసోల్ ఫౌండేషన్ తరఫున మాట్లాడుతున్నాను. నా పేరు యూన్. మీరిప్పుడు ఒంటరిగా ఉన్నారా?"

చక్కటి ఇంగ్లీషు. అంతకన్నా చక్కటి మర్యాద. కుముదిని చుట్టూ చూసింది. యాభై మంది దాకా ఉన్నారు.

"లేను. ట్రామ్‌లో ఉన్నాను."

"అయితే ముందు దిగండి."

ముప్ఫై అయిదేళ్ళుగా జర్మనీలోని కార్ల్స్‌రూహెలో ఉంటున్న మనిషి, ఎవరో చెప్పారని దారి మధ్యలో ట్రామ్ దిగడం అదే మొదలు. సన్నగా వాన పడుతోంది. స్టాపు కప్పు కింద నిలబడి మొత్తం వింది. రెండుసార్లు "మళ్ళీ చెప్పండి" అంది.

హేసోల్ అంటే ఓడల దగ్గర నుంచి ఫ్రిజ్‌ల దాకా తయారుచేసే కొరియా కంపెనీ. దాన్ని స్థాపించిన పెద్దాయన పేరు మీద ఏటా పురస్కారాలు ఇస్తారు. సైన్సులో, వైద్యంలో, సంగీతంలో, సాహిత్యంలో. ఒకప్పుడు కొరియన్లకే ఇచ్చేవారు. నాలుగేళ్ళుగా బయటి దేశాల వాళ్ళలో కూడా ఒక్కరిని ఎంచుతున్నారు. ఈ ఏడాది ఆ ఒక్కరు కుముదిని.

పతకం సంగతి సరే. ఆవిడ మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నది రెండో మాట. విజేత చేస్తున్న పరిశోధనని ఐదేళ్ళ పాటు కంపెనీయే నడిపిస్తుందట.

కుముదిని పన్నెండేళ్ళుగా చేస్తున్నది ఒక్కటే పని. లిథియం లేకుండా, ఉప్పులో దొరికే సోడియంతో, నిప్పంటుకోని బ్యాటరీ చెయ్యడం. చేసింది కూడా. పనిచేస్తుందని అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకున్న నెలకే ప్రాజెక్టు గడువు తీరిపోయింది. సెప్టెంబరు ముప్ఫైకల్లా ల్యాబ్ ఖాళీ చెయ్యాలి. ఆవిడ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న రాజమండ్రి అమ్మాయి గీతిక, సామాను సర్దడానికి అట్టపెట్టెలు ఎక్కడ చవగ్గా దొరుకుతాయో అప్పుడే వాకబు చేస్తోంది.

"ఒక్క షరతు," అంది యూన్. "ప్రకటన వచ్చే బుధవారం. అప్పటిదాకా మీకూ, మీవారికీ తప్ప మూడో మనిషికి తెలియరాదు. తెలిస్తే ఎంపిక రద్దు చేసే హక్కు కమిటీకి ఉంది. రెండేళ్ళ క్రితం ఒక సంగీత విద్వాంసుడి విషయంలో చెయ్యాల్సి వచ్చింది కూడా. పాపం, ఒక విలేకరి దగ్గర నోరు జారాడు. సోమవారం నేనే మీ ఇంటికి వస్తాను. చిన్న వీడియో తీసుకోవాలి, ఒక కాగితం మీద సంతకం తీసుకోవాలి."

"మావారికి చెప్పొచ్చా?"

"చెప్పొచ్చు."

"చెప్పకుండా ఉండొచ్చా?" అంది కుముదిని.

అవతల నుంచి చిన్న నవ్వు వినిపించింది. "అదీ మీ ఇష్టమే."

ఆ ప్రశ్నకి కారణం ఉంది. భర్త లక్ష్మీపతి పాతికేళ్ళు వాల్డార్ఫ్‌లో ఓ పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పుడు కార్ల్స్‌రూహె తెలుగు వేదికకి కార్యదర్శి. ఊళ్ళో ఎవరికి ఇల్లు దొరికింది, ఎవరి పిల్లకి చంటిపిల్లల బడి కిటాలో సీటు వచ్చింది, ఎవరి బ్లూ కార్డు వీసా ఏ అపాయింట్‌మెంట్ దగ్గర ఆగింది, అన్నీ ముందు ఆయనకే తెలుస్తాయి. ఆయనకి తెలిసిన అరగంటకి అందరికీ తెలుస్తాయి.

అయినా సాయంత్రం చెప్పేసింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఇంత పెద్ద మాట దాచడం ఆవిడ వల్ల కాలేదు.

లక్ష్మీపతి రెండు నిమిషాలు మాట్లాడలేదు. ఆయన విషయంలో అదే ఒక వార్త. తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు.

"కుముదా, ఒట్టు. ప్రాణం పోయినా చెప్పను."

"ప్రాణం దాకా ఎందుకండీ, ఐదు రోజులు. అంతే."

"ఐదు రోజులు నాకో లెక్కా?"

లెక్కే. శనివారం ఆయన ఫోన్ ఆపేసి అల్మరాలో పెట్టాడు. ఇండియన్ షాపుకి వెళ్ళాల్సి ఉంటే, అక్కడ తెలిసినవాళ్ళు కనబడతారని కందిపప్పు మానేశాడు. ఇల్లు రెండుసార్లు వాక్యూమ్ చేశాడు. మధ్యాహ్నం ఎదురింటి జర్మన్ ముసలమ్మ మెట్ల మీద కనబడి "గూటెన్ టాగ్" అంటే, జవాబు చెప్పకుండా లోపలికి పరిగెత్తుకొచ్చేశాడు.

"ఏమైందండీ?"

"నోరు తెరిస్తే వచ్చేసేలా ఉంది కుముదా. ఇక్కడ," అని గొంతు చూపించాడు. "ఇక్కడ అడ్డం పడింది."

ఆవిడ నవ్వింది. అప్పుడే జాగ్రత్త పడాల్సింది.

*

జర్మనీలో శ్రీరామనవమి పంచాంగాన్ని చూసి రాదు, హాలు దొరికినప్పుడు వస్తుంది. ఈసారి ఊరి చివర స్పోర్ట్స్ క్లబ్బు హాలు ఆదివారానికి దొరికింది. బాస్కెట్‌బాల్ బుట్టకి మామిడాకుల తోరణం, గోల్‌పోస్టు పక్కన సీతారాముల పెళ్ళి పీటలు. ఎనభై మంది దాకా వచ్చారు.

కల్యాణం చేయిస్తున్నది రవీంద్రనాథ్ శర్మ. వారమంతా ఓ ఐటీ కంపెనీలో సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే ఉద్యోగం, శని ఆదివారాల్లో పౌరోహిత్యం. ఆ ఉద్యోగం వల్లే కాబోలు, పూర్తి వివరాలు లేనిదే ఏ పనీ మొదలుపెట్టడు. గోత్రం చెప్పమంటే ఇంటిపేరు చెప్పినవాళ్ళని వరసలోంచి వెనక్కి పంపిస్తాడు.

కుముదిని వంటగదిలో పానకం కలుపుతోంది. బయట దంపతులు ఒక్కొక్కరే వెళ్ళి పీటల మీద కూర్చుని, పేర్లూ గోత్రాలూ చెప్పి, అక్షింతలు పట్టుకుని వస్తున్నారు. లక్ష్మీపతి ఒక్కడే వెళ్ళి కూర్చున్నాడు.

"అమ్మగారేరీ?" అన్నాడు శర్మ.

"పానకం దగ్గర. పేరు చెప్పండి చాలు."

"సంకల్పంలో ప్రత్యేకంగా ఏదైనా చెప్పాలాండీ? ఉద్యోగమో, ఆరోగ్యమో, పర్మనెంట్ వీసానో?"

లక్ష్మీపతి సీతారాముల వంక చూశాడు. తర్వాత తనలో తను గబగబా వాదించుకున్నాడు. మూడో మనిషికి చెప్పకూడదన్నారు. రాముడు మనిషి కాడు. మనిషిగా పుట్టిన మాట నిజమే గానీ, ప్రస్తుతం దేవుడు. పంతులుగారంటారా, ఆయన మధ్యలో పోస్ట్‌మాన్ లాంటివాడు. పైగా సంకల్పం సంస్కృతంలో ఉంటుంది. ముప్ఫై ఏళ్ళుగా వింటున్నాం, ఎవడికైనా ఒక్క ముక్క అర్థమైందా?

ముందుకి వంగి శర్మ చెవిలో చెప్పాడు. రెండే వాక్యాలు. గొంతులో అడ్డం పడ్డది దిగిపోయింది. అబ్బా, ఎంత హాయిగా ఉందో!

శర్మ కళ్ళు పెద్దవయ్యాయి. కానీ వృత్తి ధర్మం వృత్తి ధర్మమే. "కొరియాలో ఏ ఊరండీ? ప్రకటన ఎప్పుడు?" అని అడిగి తెలుసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. కాలర్ మైకు మళ్ళీ ఆన్ చేసుకున్నాడు.

"భారద్వాజ గోత్రోద్భవస్య లక్ష్మీపతి నామధేయస్య, ధర్మపత్న్యాః కుముదినీ నామధేయాయాః, కొరియా దేశే, సియోల్ నగరే, ఆగామి బుధవాసరే ప్రకటయిష్యమాణ, హేసోల్ నామక వైజ్ఞానిక పురస్కార లబ్ధి సందర్భే..."

నాలుగు స్పీకర్లు. మొన్ననే కొన్నవి.

ఎప్పుడూ సంకల్పం వేళకి హాలంతా కబుర్లతో మోగిపోతూ ఉంటుంది. ఆ క్షణంలో ఎందుకో ఎవరూ మాట్లాడటం లేదు. కొరియా అన్న మాట వినగానే అందరి తలలూ లేచాయి. పురస్కారం దగ్గర పిల్లలు కూడా ఆట ఆపారు.

వంటగదిలో కుముదిని చేతిలో గరిటె పానకంలో పడి మునిగిపోయింది.

ముందు చప్పట్లు మొదలుపెట్టింది డాక్టర్ వాసుదేవరావు. వేదిక అధ్యక్షుడు. పంతొమ్మిది వందల డెబ్భైలలోనే వచ్చి ఇక్కడ హాస్పిటల్లో చేరిన మనిషి, ఇప్పుడు ఎనభై ఏళ్ళు దాటాయి. ఆయన కొడితే అందరూ కొట్టారు. చప్పట్ల మధ్యలోంచి కుముదిని తడి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. మొగుడి వంక కాదు, హాలు మూల వంక.

అక్కడ ట్రైపాడ్ ఉంది. దాని మీద కెమెరా ఉంది. దాని వెనక విక్రాంత్ ఉన్నాడు. కరీంనగర్ కుర్రాడు, వాల్డార్ఫ్‌లో ఉద్యోగం. ఇండియాలో ఉన్న అమ్మానాన్నల కోసం ప్రతి పండగనీ లైవ్ ఇస్తుంటాడు.

"విక్రాంత్! అది ఆపు!"

"ఏమైంది మేడమ్? కంగ్రాట్స్! మస్తుంది—"

"ముందు ఆపు. తీసెయ్. మొత్తం తీసెయ్."

ఆవిడ మొహం చూసి విక్రాంత్ లాప్‌టాప్ అందుకున్నాడు. రెండు క్లిక్కులు. "తీసేసిన. అరవై ఒక్కమంది చూస్తున్రు మేడమ్. అందరు మనోళ్ళ అమ్మానాన్నలే. కాపీ ఒకటి నా లాప్‌టాప్‌ల ఉంది, గది గూడ తీసెయ్యాల్నా?"

"ఉండనీ. ఎవరికీ ఇవ్వకు."

అప్పుడు మొగుడి వైపు తిరిగింది. లక్ష్మీపతి పీటల మీదే ఉన్నాడు. చేతిలో అక్షింతలు వేళ్ళ సందుల్లోంచి కారిపోతున్నాయి.

"దేవుడికే చెప్పాను కుముదా," అన్నాడు నెమ్మదిగా. అది కూడా మైకులో వినబడింది.

విషయం అర్థమయ్యాక వాసుదేవరావు ఆలస్యం చెయ్యలేదు. కర్ర తాటించుకుంటూ మధ్యలోకి వచ్చాడు. "అందరూ వినండి! బుధవారం దాకా ఈ మాట గడప దాటకూడదు. దాటితే మన కుముదిని ప్రైజు పోతుంది, ల్యాబ్ పోతుంది. తలుపులు మూయండి. ఒక్కొక్కరూ రాములవారి మీద చెయ్యి పెట్టి ఒట్టేసి, పానకం తాగి వెళ్ళండి. మీ అమ్మానాన్నలకి మీరే ఫోన్ చేసి చెప్పుకోండి. విక్రాంతూ, వాట్సాప్ గ్రూపుకి తాళం వెయ్."

"ఏసిన సార్."

ఎనభై మంది వరసలో నిలబడి ఒట్టేశారు. గరిటె దొరక్కపోవడంతో పానకం గ్లాసుతో ముంచి పోశారు.

*

సోమవారం పదకొండింటికి యూన్ సోయంగ్ ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రైల్లో దిగింది. నలభై ఏళ్ళుంటాయి. నల్ల కోటు, చిన్న పెట్టె, ఏదీ వదలని చూపు. లక్ష్మీపతి స్టేషన్‌కి వెళ్ళి తీసుకొచ్చాడు. కుముదిని ఆయనకి ఒకే ఒక్క సూచన చేసింది. వాతావరణం తప్ప ఏమీ మాట్లాడవద్దు.

ట్రామ్‌లో రెండు స్టాపులు బాగానే గడిచాయి. మూడో స్టాపులో వేదిక కోశాధికారి రాజ్యశ్రీ ఎక్కింది. లక్ష్మీపతిని చూసింది. పక్కన కొరియా ఆవిడని చూసింది. రెండు చేతులూ నోటి మీద పెట్టుకుని, మూసుకుంటున్న తలుపుల సందులోంచి బయటికి దూకేసింది.

"ఆవిడ మీకు తెలుసా?" అంది యూన్.

"ఈ ఏడు వానలెక్కువండీ," అన్నాడు లక్ష్మీపతి.

దిగాక కూరగాయల షాపు ముందు ఇద్దరు తెలుగు కుర్రాళ్ళు వీళ్ళని చూసి టక్కున గోడ వైపు తిరిగి నిలబడ్డారు. యూన్ వాళ్ళనీ చూసింది. ఏమీ అనలేదు. అనకపోవడమే లక్ష్మీపతిని భయపెట్టింది.

ఇంట్లో వీడియో పని అరగంటలో అయిపోయింది. కుముదిని సోఫాలో కూర్చుని తన పని గురించి చెప్పింది. యూన్ ఫోన్‌లోనే తీసుకుంది. తర్వాత పెట్టె తెరిచి ఒక్క కాగితం బల్ల మీద పెట్టింది. పక్కనే కలం.

"ఇంతే. సంతకం చేస్తే నేను సాయంత్రం విమానం అందుకుంటాను."

కుముదిని చదివింది. నాలుగు వాక్యాలు. మూడోది ఇది. ఈ ఎంపిక సంగతి నాకూ, నా జీవిత భాగస్వామికీ తప్ప ఇతరులెవరికీ తెలియదని ధ్రువీకరిస్తున్నాను.

కలం తీసుకుంది. మళ్ళీ కింద పెట్టింది.

"ఒక్క నిమిషం," అని లేచి వంటగదిలోకి వెళ్ళింది. లక్ష్మీపతి వెనకాలే వచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

"పెట్టెయ్ కుముదా. వీడియో తీసేశాం. అందరూ ఒట్టేశారు. ఎవరికి తెలుస్తుంది? రెండు రోజుల్లో ఎలాగూ లోకమంతా తెలుస్తుంది."

"నాకు తెలుసు కదండీ."

"తప్పు నాది. నా తప్పుకి నీ పన్నెండేళ్ళు పోవాలా? ఆ పిల్ల గీతిక సంగతేమిటి? సెప్టెంబర్లో దాని చదువు మధ్యలో వదిలేసి ఎక్కడికి పోతుంది?"

కుముదిని కిటికీ వైపు చూసింది. ల్యాబ్ పోతే ఏమవుతుందో ఆవిడకి ఆయన చెప్పక్కర్లేదు. అరవై ఒకటో ఏట ఇంకో ల్యాబ్ ఎవరూ ఇవ్వరు.

"పదకొండేళ్ళ క్రితం నేనొక పేపరు వెనక్కి తీసుకున్నాను, గుర్తుందా? మీటరు తప్పు చూపిస్తోందని పేపరు అచ్చయ్యాక కనిపెట్టాను. ఎవరూ అడగలేదు. ఎవరికీ తెలియదు కూడా. అయినా వెనక్కి తీసుకున్నాను. ఆ ఏడంతా వెనక ఎంతమంది నవ్వారో మీకు తెలుసు."

"తెలుసు."

"ఆ తర్వాత నా పేరు మీద వచ్చిన ఏ అంకెనీ ఎవరూ మళ్ళీ అనుమానించలేదు. ఈ ప్రైజు ఆ అంకెలకే ఇస్తున్నారండీ. దీని మీద అబద్ధం సంతకం పెట్టి తీసుకుంటే ఎలా?"

లక్ష్మీపతి తలుపు తనే తీశాడు.

కుముదిని వచ్చి కూర్చుని మొత్తం చెప్పింది. శర్మని, మైకుని, నాలుగు స్పీకర్లని, అరవై ఒక్కమంది అమ్మానాన్నల్ని, ఎనభై ఒట్లని. ఏదీ తగ్గించలేదు. యూన్ మధ్యలో ఒక్కసారే ఆపింది.

"అంటే ట్రామ్‌లోంచి దూకిన ఆవిడ...?"

"మా కోశాధికారి."

యూన్ పెదవులు బిగించింది. నవ్వు ఆపుకుంటోందో, కోపం ఆపుకుంటోందో తెలియలేదు. "మీరు చెప్పకపోతే నేను అడిగేదాన్ని కాదు. చెప్పారు కాబట్టి నేను సియోల్‌కి చెప్పక తప్పదు. నన్ను క్షమించాలి."

"మీ పని మీరు చెయ్యండి."

యూన్ బాల్కనీలోకి వెళ్ళి ఫోన్ చేసింది. అక్కడ సాయంత్రం ఏడవుతోంది. అద్దం తలుపు అవతల ఆవిడ చెయ్యి ఊపడం, రెండుసార్లు వంగి నమస్కారం పెట్టడం కనబడుతోంది. మాటలు వినబడటం లేదు. వినబడినా కొరియన్ వీళ్ళకి రాదు. లక్ష్మీపతి నిలబడే ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

పది నిమిషాల తర్వాత యూన్ తలుపు తీసింది.

"ఆ రికార్డింగు కావాలట."

విక్రాంత్‌కి ఫోన్ వెళ్ళింది. ఆ రోజు అతనికి ఇంటి నుంచే ఆఫీసు పని. "పంపిస్తున్న మేడమ్. కానీ ఎవలకూ ఇయ్యొద్దన్నరు గదా?" అన్నాడు.

"వీళ్ళకి ఇవ్వొచ్చు."

పంపాడు. భూగోళం అవతలి పక్కన, ఒక కమిటీలోని పెద్దలంతా ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని, బాస్కెట్‌బాల్ బుట్ట కింద రాముడి పెళ్ళి చూస్తున్నారు. కుముదిని మూడు ప్లేట్లలో పులిహోర పెట్టింది. యూన్ తింది. మిగతా ఇద్దరూ ముట్టుకోలేదు.

పన్నెండున్నర కావస్తుండగా ఫోన్ మోగింది. యూన్ విని, స్పీకర్ నొక్కి బల్ల మీద పెట్టింది.

"కమిటీ అధ్యక్షురాలు. డాక్టరమ్మగారితో కాదట. మీతో మాట్లాడతారట," అంది లక్ష్మీపతి వంక చూస్తూ.

ఆయన ఫోన్ ముందు చేతులు కట్టుకున్నాడు.

"మీరేనా దేవుడికి చెప్పింది?" ముసలి గొంతు. నెమ్మదైన ఇంగ్లీషు.

"నేనేనండీ. ఆవిడ తప్పేం లేదు. శిక్ష ఏదైనా నాకు వెయ్యండి."

"ప్రైజు వచ్చేసింది కదా. ఇంకా దేవుణ్ణి అడగాల్సింది ఏముంది?"

"అడగలేదండీ. సంతోషం ఎక్కువైపోయింది. మోయలేకపోయాను. స్నేహితులకి చెప్పకూడదన్నారు. ఎక్కడో ఒకచోట దించుకోవాలి కదా. ఆయన దగ్గర దించుకున్నాను."

"మా అమ్మ ఏటా బుద్ధుడి పుట్టినరోజుకి గుడిలో కాగితం లాంతరు కట్టించేది," అందావిడ. "దానికి వేలాడే చీటీ మీద మా పేర్లూ కోరికలూ రాయించేది. ఒక ఏడు నా పేరు కింద, ఈసారైనా మెడికల్ పరీక్ష పాసవ్వాలి అని రాయించింది. ముందు సారి తప్పానని అప్పటిదాకా ఊళ్ళో ఎవరికీ తెలియదు."

లక్ష్మీపతికి నవ్వాలో వద్దో తెలియలేదు.

"దేవుడితో మాకేం ఇబ్బంది లేదు," అంది అధ్యక్షురాలు. "మైకుతోనే ఇబ్బంది. ఇక ఇది దాచే రహస్యం కాదు. బుధవారం దాకా ఆగితే ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. అప్పుడు రద్దు చెయ్యమని అడిగేవాళ్ళకి మేం జవాబు చెప్పలేం. అందుకని ముందే చెప్పేస్తున్నాం. విజేతలందరి పేర్లూ ఈ రోజే, మీ టైం ఒంటిగంటన్నరకి వెలువడతాయి. ఆ గంట మాత్రం ఎవరూ నోరు తెరవకూడదు. మీరు ముఖ్యంగా."

"తెరవనండీ."

"ఇక డాక్టర్ గారూ."

"చెప్పండి," అంది కుముదిని.

"మీరు ఆ కాగితం మీద సంతకం పెట్టి ఉంటే, మా దగ్గర మీ సంతకం ఉండేది. అంతే ఉండేది. ఇప్పుడు మీ మాట ఉంది. ఉంటాను."

ఫోన్ ఆగిపోయింది. యూన్ సంతకం లేని కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, కోటు జేబులో వేసుకుంది.

ఆ క్షణాన డోర్‌బెల్ మోగింది.

వాసుదేవరావు. వెనక రాజ్యశ్రీ, శర్మ, లాప్‌టాప్ చంకలో పెట్టుకుని విక్రాంత్, ఇంకో నలుగురు. రికార్డింగు అడిగారని విక్రాంత్ నోటి నుంచి రాజ్యశ్రీకి, అక్కడి నుంచి పెద్దాయనకి చేరింది. ఏం కొంప మునిగిందోనని ఎవరూ ఇళ్ళల్లో ఉండలేకపోయారు.

"పానకం గిన్నె ఇచ్చిపోదామని," అన్నాడు వాసుదేవరావు. ఆయన చేతిలో గిన్నె ఏమీ లేదు.

కుముదిని దారి ఇచ్చింది. "రండి, కూర్చోండి. ఒంటిగంటన్నర దాకా ఎవరూ ఏమీ అడక్కండి. ఫోన్లు బల్ల మీద పెట్టండి."

పెట్టారు. ఎనిమిది మంది సోఫాలోనూ, కార్పెట్ మీదా సర్దుకున్నారు. అన్నీ తెలిసిన ఎనిమిది మంది, ఏమీ తెలియనట్టు, యూన్ ఎదురుగా.

"ఈ ఏడు వానలు బాగా ఉన్నాయండీ," అంది రాజ్యశ్రీ.

"అవునవును. వానలు."

"మన ట్రామ్ పాసు, డాయ్‌చ్‌లాండ్ టికెట్ రేటు మళ్ళీ పెంచుతరంట," అన్నాడు విక్రాంత్.

"పెంచుతారు. పెంచకుండా ఉంటారా?"

శర్మ ఒక మూల ముడుచుకుని కూర్చున్నాడు. యూన్ ఆయన వంకే చూస్తోంది. "ఆయనేనా?" అని కుముదినిని అడిగింది. కుముదిని తల ఊపింది. యూన్ లేచి వెళ్ళి శర్మకి మర్యాదగా వంగి నమస్కరించింది. "చాలా స్పష్టమైన ఉచ్చారణ," అంది. "ఒక్క మాట రాని మాకు కూడా పేరు, ఊరు, ప్రైజు అన్నీ తెలిశాయి."

శర్మ చెవులు ఎర్రబడ్డాయి. "వివరాలు పూర్తిగా లేకపోతే ఫలితం సరిగా రాదండీ," అన్నాడు.

ఒంటిగంటా ఇరవై తొమ్మిది. లక్ష్మీపతి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, పెదవులు లోపలికి మడుచుకుని కూర్చున్నాడు.

ఒంటిగంటన్నర. ఏమీ కాలేదు. ముప్ఫై ఒకటి. యూన్ ఫోన్ స్క్రీన్‌ని పదేపదే కిందికి లాగి చూస్తోంది. ముప్ఫై రెండు. ఆవిడ తల ఎత్తి, ఫోన్ గది వైపు తిప్పింది. కొరియన్ అక్షరాల మధ్య కుముదిని ఫోటో. పదేళ్ళనాటిది. జుట్టు ఇంకా నల్లగా ఉన్నప్పటిది.

ఎవరూ కదల్లేదు. అందరూ కుముదిని వంక చూశారు.

"ఇప్పుడు చెప్పొచ్చునా?" అన్నాడు వాసుదేవరావు గుసగుసగా.

"చెప్పండి డాక్టర్ గారూ. ఎవరికైనా చెప్పండి."

బల్ల మీద ఫోన్ల కోసం ఎనిమిది జతల చేతులు ఒక్కసారి పడ్డాయి. విక్రాంత్ గ్రూపు తాళం తీశాడు. లక్ష్మీపతి మాత్రం తన ఫోన్ ముట్టుకోలేదు. భార్య దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. చెప్పడానికి ఆయన దగ్గర ఇంకేమీ మిగల్లేదు.

కుముదిని ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్ళింది. గీతిక మొదటి రింగుకే ఎత్తింది.

"గీతికా, ఒక మాట చెప్పాలి."

"తెలుసు మేడమ్."

"ఇప్పుడే కదా వచ్చింది! అప్పుడే చూశావా?"

"నిన్ననే తెలుసు మేడమ్. నేను ల్యాబ్‌లో ఫర్నేస్ దగ్గర ఉన్నాను కదా, కల్యాణానికి రాలేకపోయాను. రాజమండ్రిలో మా అమ్మ లైవ్‌లో చూసింది. వెంటనే ఫోన్ చేసింది. ఇంకెవరి అమ్మో చెప్పిందట, మళ్ళీ పది నిమిషాలకి చేసి, ఎవరికీ చెప్పకూడదటే, నీక్కూడా చెప్పకూడదటే, అని ఏడ్చింది."

"మరి నాతో అనలేదేం? పొద్దున్న మెసేజ్ పెట్టావు కూడా."

"ఎలా అంటాను మేడమ్, మూడో మనిషిని కదా? రాత్రంతా నిద్ర పట్టలేదు. ఆరింటికే ల్యాబ్‌కి వచ్చేశాను. మేడమ్, సెప్టెంబర్లో ఖాళీ చెయ్యాలి కదా అని రెండో ఫర్నేస్‌లో కొత్త శాంపిల్స్ వెయ్యలేదు మనం. వాటి పరీక్షలు అవ్వడానికి ఎనిమిది నెలలు పడుతుంది. ఇప్పుడు వెయ్యనా?"

కుముదిని టైం చూసుకుంది.

"వెయ్యి," అంది. "నేను వస్తున్నాను. నెక్స్ట్ ట్రామ్‌కే వస్తున్నాను."